చర్చా వేదికకు లైక్ బటన్ కావాలా? ఏ గ్రూపుకు ఏది సరిపోతుంది

నల్లగొండ, పాలమూరు వైపు ఇప్పుడు ప్రతి పనికీ ఒక గ్రూపు ఉంది. బత్తాయి రైతులది ఒకటి, పదో తరగతి బ్యాచ్‌ది ఒకటి, పోటీ పరీక్షలకు చదివే పిల్లలది ఒకటి, బతుకుదెరువుకు ముంబయి, పుణె పోయిన ఊరివాళ్లది ఒకటి. వాట్సాప్‌లో పాత సమాచారం వెతికితే దొరకడం లేదని కొందరు టెలిగ్రామ్‌కు మారుతున్నారు. ఇంకొందరు డిస్కోర్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తీసుకుని సొంతంగా చర్చా వేదిక పెట్టుకుందామని చూస్తున్నారు. అలా పెట్టేటప్పుడు అడ్మిన్‌కు ఎదురయ్యే సెట్టింగుల్లో చాలా చిన్నదిగా కనబడి, తర్వాత గ్రూపు నడకనే మార్చేసేది లైక్ బటన్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనుషులు గ్రూపులో నిలబడాలంటే లైక్ చాలా పనికొస్తుంది. చెప్పిన మాట నిజమో కాదో తేల్చడానికి మాత్రం పనికిరాదు. చాలా గ్రూపుల్లో వచ్చే గొడవంతా ఈ రెండు పనులనూ ఒకే బటన్ మీద వేయడం వల్లనే. అందుకని "లైక్ ఉండాలా, వద్దా" అని కాకుండా, మీ గ్రూపులో జనం ఎలాంటి సంగతులు మాట్లాడుకుంటారో చూసి బటన్‌ను ఎంచుకోండి.

లైక్ వల్ల నిజంగా జరిగే మేలు

ఫేస్‌బుక్ లైక్ బటన్ 2009 ఫిబ్రవరి 9న వచ్చింది. అంతకుముందే 2005లో విమియో అనే వీడియో సైట్‌లో, 2007లో ఫ్రెండ్‌ఫీడ్ అనే సోషల్ మీడియా సైట్‌లో అలాంటిదే ఉంది. ఎక్కడ పెట్టినా అది తీర్చిన అవసరం ఒకటే: ఒక మంచి వార్త కింద పదుల కొద్దీ ఒకే రకం మాటలు పేరుకుపోకుండా చూడటం. ఆ బాధ ఏమిటో మన గ్రూపుల్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. "రేపు పొద్దున పది గంటలకు రైతు వేదిక దగ్గర ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సార్ వస్తున్నారు, పట్టా పాస్‌బుక్ జిరాక్స్ తెచ్చుకోండి" అని ఒకరు పెడతారు. దాని కింద "సరే అన్నా", "ఓకే సార్", "థాంక్స్ తమ్మీ", రెండు చేతులు జోడించిన బొమ్మలు, మధ్యలో ఎవరో పంపిన శుభోదయం ఫొటో. పొద్దంతా చేనులో ఉండి రాత్రి ఫోన్ తెరిచిన మనిషికి జిరాక్స్ సంగతి కంటబడదు. లైక్ ఉంటే ఆ "సరే అన్నా"లన్నీ అసలు మెసేజ్ కిందే ఒక అంకెగా మారిపోతాయి. ఇది చిన్న మేలు కాదు.

రెండో మేలు మన ప్రాంతానికి మరీ ముఖ్యమైంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం. ఆ తర్వాత ఫోన్లు ఇంటింటికీ వచ్చాయి గానీ, తెలుగులో గబగబా టైపు చేయగలవాళ్లు ఇప్పటికీ తక్కువే. వాయిస్ మెసేజ్ పెట్టాలంటే నలుగురిలో గొంతు వినిపించడానికి మొహమాటం. మహిళా సంఘాల గ్రూపులు చూడండి: అన్నీ చదువుతారు, లేదా పిల్లలతో చదివించుకుని వింటారు, కానీ రాయరు. అలాంటి అక్కకు బొటనవేలు బొమ్మ నొక్కడం గ్రూపులో మాట్లాడిన మొదటి మాట. "నేను చూశాను, నాకూ సమ్మతమే" అని చెప్పడానికి ఆమెకు దొరికిన దారి అది. బటన్ తీసేస్తే రాయగలవాళ్ల గ్రూపుగానే అది మిగిలిపోతుంది. లైకులు వట్టి తేలికపాటి వ్యవహారమని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి ఆలోచించరు.

మూడోది కొత్తగా చేరినవాళ్ల సంగతి. నాలుగు పెద్ద వార్తా సైట్లలో జనం రాసే వ్యాఖ్యలను, వాటికి పడే ఓట్లను పరిశీలించి 2014లో ఒక పరిశోధన వెలువడింది. మెచ్చుకున్నా తిట్టినా మనుషులు ఉన్నారు. ఏ స్పందనా రానివాళ్లే ఎక్కువగా వదిలి వెళ్లిపోయారు. మన గ్రూపుల్లో ఇది రోజూ జరిగేదే. ఒక కొత్త కుర్రాడు ధైర్యం చేసి తన డ్రిప్పు పైపులకు ఉప్పు పట్టిందనో, బోరు మోటారు వైండింగ్ కాలిందనో రాస్తాడు. ఎవరూ పలకరు. మళ్లీ ఎప్పుడూ రాయడు. రెండు లైకులు పడి ఉంటే జవాబు దొరక్కపోయినా, మనవాళ్లు చూశారన్న భరోసా ఉండేది.

అదే లైక్ ఎక్కడ దెబ్బతీస్తుంది

ఇలా ఊహించుకోండి. చండూరు దగ్గర ఒక రైతు తోటలో ఎనిమిదేళ్ల బత్తాయి చెట్టు ఒక పక్క ఎండుతోంది. ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి, కాయలు చిన్నగా ఉండిపోయాయి. రాత్రి ఎనిమిదింటికి ఫొటో తీసి పెట్టాడు: "అన్నా, గీ చెట్టుకు ఏం కొట్టాలె?"

రెండు నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది. గ్రూపులో అందరికీ తెలిసిన మనిషి, నలుగురిలో మాట చెల్లేవాడు. ఒక మందు పేరు చెప్పి "రెండుసార్లు కొట్టు తమ్మీ, వారంల పచ్చగయితది" అన్నాడు. లైకులు పడటం మొదలైంది. అరగంట తర్వాత ఇంకొకరు రాశారు: "ముందుగాల మొదలు దగ్గర మట్టి తీసి వేర్లు చూడు. వేరు బెరడు ఊడొస్తుందా? కాండానికి బంక కారుతుందా? నీళ్లు మొదలుకు ఆనుకుని నిలుస్తున్నయా?" దీనికి రెండు లైకులు.

తోట తెలిసినవాళ్లకు రెండో జవాబే పనికొచ్చేదని అర్థమవుతుంది. పసుపు రంగు ఒక్కటే చూసి తెగులు చెప్పలేం. జింకు లోపమైతే లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది. వేరుకుళ్లు అయితే చెట్టు ఒక పక్క నుంచి వాడిపోతూ వస్తుంది, ఆకుల మీద కొట్టే చాలా మందులు కుళ్లిన వేరుకు అందవు. నీళ్లు నిలవడం వల్ల వచ్చిందైతే మందు కంటే ముందు పాది మార్చి మొదలుకు నీళ్లు తగలకుండా చేయాలి. ఇవన్నీ అడిగి తెలుసుకోవాల్సిన సంగతులు. కానీ లైకుల వరుసలో జవాబులను పేర్చే వేదిక అయితే, మర్నాడు పొద్దున రైతుకు పైన కనిపించేది మొదటి జవాబు. దుకాణానికి వెళ్లి ఆ మందే తెస్తాడు. డబ్బూ పోతుంది, దానికంటే ముఖ్యంగా పదిహేను రోజుల సమయం పోతుంది.

ఇక్కడ తప్పు లైక్ నొక్కినవాళ్లది కాదు. వాళ్లు ఆ పెద్దమనిషి మీది గౌరవంతో నొక్కారు, లేదా తోటి రైతుకు వెంటనే పలికాడన్న సంతోషంతో నొక్కారు. లైకులన్నీ మొదటి గంటలో పడిపోతాయి. చెట్టు కోలుకుందో ఎండిందో తెలిసేది నెల తర్వాత. ఒక్కోసారి మరుసటి సీజన్ కాయ చూస్తే గానీ తెలియదు. అప్పటికి ఆ మెసేజ్ దగ్గరికి తిరిగి వెళ్లి లైక్ వెనక్కి తీసుకునేవాళ్లు ఎవరూ ఉండరు. వ్యవసాయ గ్రూపుల్లో లైకుల సంఖ్యను నమ్మకూడదని నేను గట్టిగా అనేది అందుకే.

మొదట పడిన లైకు వెనక వచ్చేవాళ్లను ఎలా లాగుతుందో కొలిచి చూసిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక వార్తల సైట్‌లో లక్షకు పైగా వ్యాఖ్యలను తీసుకుని, కొన్నింటికి రాయగానే ఒక దొంగ మంచి ఓటు, ఇంకొన్నింటికి ఒక దొంగ కింది ఓటు (నచ్చలేదని వేసేది) వేశారు. వ్యాఖ్య మంచిదా చెడ్డదా అని చూడలేదు, చీటీలు తీసినట్టుగా ఎంచారు. ఆ ఒక్క మంచి ఓటు పడినవాటికి చివర్లో వచ్చిన సగటు స్కోరు 25 శాతం పెరిగింది. తర్వాత చదివినవాడు కూడా మంచి ఓటే వేసే అవకాశం 32 శాతం ఎక్కువైంది. దొంగగా కింది ఓటు వేసిన వ్యాఖ్యలను మాత్రం జనమే సరిదిద్దారు. అంటే అన్యాయంగా తగ్గించినదాన్ని పైకి లేపుతాం గానీ, అన్యాయంగా పెంచినదాన్ని కిందికి దించం. 2006లో పాటల మీద చేసిన ఇంకో ప్రయోగంలో 14 వేల మందికి పైగా పాల్గొన్నారు. వాళ్లను వేరు వేరు గుంపులుగా చేసి, ఎవరి గుంపులో ఏ పాట ఎంతమంది దించుకున్నారో చూపించారు. ఒక గుంపులో అందరికంటే ముందున్న పాట ఇంకో గుంపులో ఎక్కడో కింద ఉండిపోయింది. పాట మాత్రం అదే.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ మాట వచ్చినప్పుడు ఇదే జరిగితే ఎంత ప్రమాదమో చూడండి. "నీళ్లు బాగా మరిగించి చల్లార్చి తాగితే ఫ్లోరైడ్ పోతుంది" అని ఎవరైనా రాస్తే వినడానికి సబబుగానే ఉంటుంది. అమ్మలు, అమ్మమ్మలు చెప్పే మంచి అలవాటు కూడా అదే కదా. లైకులు పడతాయి. కానీ మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. రంగులో, రుచిలో ఇది తెలియదు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. వంద మంది లైక్ కొట్టినా ఒక పరీక్ష ఫలితంతో సమానం కాదు. ఇలాంటి ఆరోగ్య సంగతులు మాట్లాడుకునే గ్రూపుకు లైకుల వరుస అసలే వద్దు.

ఎవరు నొక్కారో కనబడినప్పుడు

పెద్ద నగరాల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు మాట్లాడుకునే వేదికలకూ, మన ఊరి గ్రూపులకూ పెద్ద తేడా ఒకటుంది. మన దగ్గర అందరికీ అందరూ తెలుసు. వాట్సాప్‌లో రియాక్షన్ మీద వేలు పెడితే ఎవరు నొక్కారో పేర్లతో సహా కనబడుతుంది. సర్పంచ్ ఎన్నికల ముందు ఒక అభ్యర్థి పోస్టుకు మీరు లైక్ కొట్టారంటే అది మీ ఇంటి గోడ మీద కట్టిన ఫ్లెక్సీ కిందే లెక్క. "మీ తమ్ముడు ఆయన పోస్టుకు లవ్ సింబల్ పెట్టిండట గదా" అని బజార్లో అడుగుతారు. కొట్టకపోయినా చిక్కే: "అందరూ కొట్టిండ్రు, నువ్వు చూసి కూడ ఊకున్నవ్" అంటారు. భూమి కౌలుకు తీసుకున్నవాడు ఆ భూమి యజమాని పోస్టుకు లైక్ కొట్టకుండా ఉండగలడా? గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న కూలీ, మేస్త్రీ మాటకు ఎదురుగా ఉన్న పోస్టుకు లైక్ కొట్టగలడా?

కాలువ నీళ్ల మాట వచ్చినప్పుడూ అంతే. ఏఎంఆర్‌పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ కింద చివరి భూములకు నీళ్లు అందడం లేదని ఒకరు రాస్తే, పైన ఉన్న ఊళ్లవాళ్లు దానికి లైక్ కొట్టరు. కొట్టకపోవడంతోనే ఎవరు ఎటు ఉన్నారో తేలిపోతుంది. మాట్లాడుకుని తేల్చుకోవాల్సినచోట తలలు లెక్కపెట్టుకోవడం మొదలవుతుంది. కింది భూములవాళ్లు ఎప్పుడూ సంఖ్యలో తక్కువే ఉంటారు గనుక, ఆ లెక్కలో వాళ్లు ఓడిపోతారు. ఇలాంటి చర్చలకు బటనే లేకపోవడం మంచిది. అభిప్రాయం ఉన్నవాళ్లు రాస్తారు, లేనివాళ్లు చదువుతారు. ఊరి మొత్తం అభిప్రాయం నిజంగా తెలుసుకోవాలంటే టెలిగ్రామ్‌లో పేర్లు కనబడని పోల్ పెట్టవచ్చు. వాట్సాప్ పోల్‌లో మామూలుగా ఎవరు దేనికి వేశారో కనబడుతుంది కాబట్టి పంచాయతీ విషయాలకు అది పనికిరాదు.

ఇంక ఏమేం ఉన్నాయి

కింది ఓటు సంగతి ముందు తేల్చేస్తాను, వద్దు. 2005లో మొదలైన రెడిట్ అనే చర్చా వేదిక పైకి, కిందికి ఓట్ల మీదే నడుస్తుంది. 2008లో వచ్చిన, ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా అంతే, కాకపోతే అక్కడ ఒక జవాబును కిందికి నొక్కితే నొక్కినవాళ్ల ఖాతాలోనూ ఒక పాయింటు తగ్గుతుంది. ఊరికే నొక్కకుండా పెట్టిన చక్కటి నియమం అది. అయినా మన గ్రూపులకు సరిపోదు. పైన చెప్పిన 2014 పరిశోధనలోనే ఇంకో సంగతి బయటపడింది: కింది ఓట్లు పడినవాళ్లు బాగుపడలేదు. ఇంకా ఎక్కువ రాశారు, ఇంకా నాసిగా రాశారు, ఇతరుల రాతలకూ చెడ్డ ఓట్లు వేయడం మొదలుపెట్టారు. ముఖాలు తెలియనిచోటే ఇలా ఉంటే, రేపు పొద్దున హోటల్ దగ్గర ఎదురుపడే మనుషుల మధ్య ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? యూట్యూబ్ కూడా 2021 నవంబరులో డిస్‌లైకుల సంఖ్యను అందరికీ కనబడకుండా దాచేసింది.

రకరకాల రియాక్షన్లు వేరే కథ. ఫేస్‌బుక్ 2016 ఫిబ్రవరిలో ప్రేమ, నవ్వు, ఆశ్చర్యం, బాధ, కోపం బొమ్మలు చేర్చింది. వాట్సాప్ 2022 మేలో మొదట ఇచ్చిన ఆరింటిలో నమస్కారం బొమ్మ కూడా ఉంది. వలస పోయినవాళ్ల గ్రూపుకు ఇవి చాలా అవసరం. పుణెలో బిల్డింగ్ పని చేస్తున్న మనిషి చనిపోయాడని, శవాన్ని ఊరికి తేవడానికి చందాలు కావాలని మెసేజ్ వస్తుంది. దాని కింద బొటనవేలు బొమ్మ పెట్టడానికి చేయి రాదు. ఏమీ పెట్టకపోతే చూడనట్టు ఉంటుంది. చేతులు జోడించిన బొమ్మ ఒకటి ఉంటే ఆ ఇబ్బంది తీరుతుంది. పెళ్లి, పుట్టినరోజు, పిల్లల ర్యాంకులు, చావు కబుర్లు ఎక్కువగా వచ్చే గ్రూపులకు నేనైతే రియాక్షన్లే పెట్టమంటాను.

కానీ అందులో కోపం బొమ్మ పెట్టకండి. ఫేస్‌బుక్ 2017 నుంచి ఈ రియాక్షన్లకు ఒక్కో లైక్‌కు అయిదు రెట్ల విలువ ఇచ్చి, దాని ప్రకారం పోస్టులను జనానికి చూపించింది. కోపం తెప్పించే పోస్టులు అలా పైకి వచ్చాయి. చివరికి 2020లో కోపం బొమ్మ విలువను సున్నాకు తగ్గించాల్సి వచ్చింది. టెలిగ్రామ్ గ్రూపులో ఏ రియాక్షన్లు ఉండాలో అడ్మినే ఎంచుకోవచ్చు, పూర్తిగా ఆపేయవచ్చు కూడా. నమస్కారం, గుండె, చప్పట్లు, ఈ మూడు చాలు.

సంఖ్య దాచిన లైక్ ఒక మధ్యస్థ మార్గం. హ్యాకర్ న్యూస్ అనే చర్చా వేదిక 2011 నుంచి వ్యాఖ్యల పాయింట్లను ఇతరులకు చూపడం లేదు, రాసినవాళ్లకు మాత్రం తమవి కనబడతాయి. రెడిట్‌లో ఒక్కో విభాగం నడిపేవాళ్లు కొత్త వ్యాఖ్యల స్కోరును కొన్ని గంటల పాటు దాచే వీలుంది. ఇన్‌స్టాగ్రామ్ 2019లో లైకుల సంఖ్య దాచి చూసి, 2021లో దాచుకోవాలా వద్దా అన్నది వాడేవాళ్లకే వదిలేసింది. మెప్పు రాసినవాళ్లకు అందుతుంది, గుంపు లాగుడు తగ్గుతుంది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఇలా పెట్టుకునే సెట్టింగు లేదు, సొంత వేదిక పెట్టుకుంటేనే కుదురుతుంది.

ఇంకొకటి, అడిగినవాళ్లే "ఇది నాకు పనిచేసింది" అని గుర్తు పెట్టడం. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఇది మొదటి నుంచీ ఉంది. డిస్కోర్స్‌లో సాల్వ్డ్ అనే ప్లగిన్ (అదనపు భాగం) వేసుకుంటే వస్తుంది. బత్తాయి రైతుల గ్రూపుకు నేను ఎంచుకునేది ఇదే, ఒక షరతుతో. మందు కొట్టిన రోజే గుర్తు పెట్టనివ్వకూడదు. "నెల తర్వాత అదే చెట్టు ఫొటో పెట్టండి, అప్పుడు గుర్తు పెట్టండి" అని నియమం ఉండాలి. అడ్మిన్ ఒక నోటుబుక్కులో తేదీ రాసుకుని గుర్తు చేయాలి. శ్రమే, కానీ రెండు సీజన్లు గడిచేసరికి ఆ గ్రూపులో లెక్కలేనన్ని లైకుల బదులు చెట్టుకు ముందు, తర్వాత తీసిన ఫొటోలు జతలు జతలుగా మిగులుతాయి. కొత్త రైతుకు అంతకంటే కావాల్సింది ఏముంటుంది?

మరి మీ గ్రూపుకు ఏది

ఒక ప్రశ్న వేసుకోండి: మా గ్రూపులో ఎవరైనా ఏదైనా చెబితే, అది సరైనదో కాదో చదివినవాళ్లు అక్కడికక్కడే తేల్చుకోగలరా?

పోటీ పరీక్షల గ్రూపులో తేల్చుకోగలరు. లెక్క ఎలా చేశారో కనబడుతుంది, కలం పట్టుకుని చేసి చూస్తే జవాబు సరిపోయిందో లేదో తెలుస్తుంది. నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ పిల్లలు నడుపుకునే చదువు గ్రూపుల్లో పైకి ఓటు బాగా పనిచేస్తుంది. మంచి జవాబును పైకి తేనివ్వండి, ఫరవాలేదు. ఇది కాక జవాబుకు లైక్ కొట్టేముందు తాము చేసి చూశామని రాసే అలవాటు చేయిస్తే ఇంకా బాగుంటుంది.

ఇష్టాయిష్టాల గ్రూపులో తేల్చాల్సిందే లేదు, లైకుల సంఖ్యే జవాబు. నారాయణపేట, గద్వాల చీరలు నేసేవాళ్లు కొత్త అంచు, కొత్త రంగు ఫొటో పెట్టి ఎంతమందికి నచ్చిందో చూసుకోవాలంటే లైక్ కంటే సులువైన కొలత లేదు. కాకపోతే నచ్చడం వేరు, కొనడం వేరు. అందుకని ఆర్డర్లు మెసేజ్‌లోనే రాయమనాలి.

పురుగుమందులు, విత్తనాలు, వైద్యం, నీళ్లు, అప్పు ఇచ్చే యాప్‌లు, గల్ఫ్ ఏజెంట్లు, ఈ సంగతుల్లో మాత్రం నిజం ఆలస్యంగా తెలుస్తుంది, తప్పైతే నష్టం పెద్దది. వీటికి లైక్ ఉంచాలనుకుంటే "థాంక్స్" అన్న అర్థంలోనే ఉంచండి, దాని ప్రకారం జవాబుల వరుస మారకూడదు. డిస్కోర్స్‌లో మామూలుగా జవాబులు రాసిన వరుసలోనే ఉంటాయి, లైకులు ఆ వరుసను కదిలించవు. టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో కూడా మెసేజ్‌లు వచ్చిన వరుసలోనే ఉంటాయి. ఫేస్‌బుక్ గ్రూపు అలా కాదు, ఏది ముందు చూపించాలో అదే నిర్ణయిస్తుంది. రైతుల గ్రూపును ఫేస్‌బుక్‌లో నడపవద్దని నేను చెప్పడానికి పెద్ద కారణం ఇదే.

ఊరి రాజకీయం, కాలువ నీళ్లు, దారి తగాదాలు మాట్లాడుకునేచోట బటన్ వద్దని పైనే చెప్పాను. కానీ బటన్ తీసేస్తే అడ్మిన్‌కు పని పెరుగుతుంది, ఇది తెలిసి తీయండి. ఎవరు రాసినా ఒక్కరైనా పలకాలి. "చదివాం కాకా, నీ మాట రేపు మీటింగులో పెడతాం" అన్న ఒక వాక్యం చాలు. రోజుకు అలా పది నిమిషాలు పెట్టలేని అడ్మిన్ అయితే బటన్ ఉంచడమే నయం. పలకని గ్రూపు లైకుల గ్రూపు కంటే తొందరగా ఖాళీ అవుతుంది.

ఒకే గ్రూపులో అన్ని రకాల మాటలూ వస్తుంటే విడగొట్టండి. డిస్కోర్స్‌లో విభాగాలు పెట్టుకోవచ్చు, టెలిగ్రామ్ గ్రూపుల్లో అలాంటివే టాపిక్స్ ఉన్నాయి. తోట సందేహాలు ఒకచోట, శుభవార్తలూ చావు కబుర్లూ ఒకచోట, పంచాయతీ ఒకచోట. ఒక్కోదానికి ఏది నడుస్తుందో పైన పిన్ చేసి పెట్టండి.

మార్చి చూడాలనుకుంటే ఒక నెల బటన్‌తో, ఒక నెల బటన్ లేకుండా నడిపి చూడండి. ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో లెక్కపెట్టకండి, అది పెరిగినంత మాత్రాన మేలు కాదు. మొదటిసారి రాసినవాళ్లలో ఎంతమంది రెండోసారి రాశారు, అడిగిన ప్రశ్నల్లో ఎన్నింటికి జవాబు వచ్చింది, ఎంతమంది తిరిగొచ్చి ఫలితం చెప్పారు, ఈ మూడూ చూడండి. మార్చే వారం ముందే అందరికీ చెప్పండి, వాయిస్ మెసేజ్‌లో కూడా పెట్టండి, లేకపోతే తమ లైకులు ఎవరో కావాలని తీసేశారని అనుకుంటారు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక మాత్రం ఏ సెట్టింగూ ముట్టుకోకండి. అప్పుడు ఏది మార్చినా ఏదో ఒక పక్షం కోసమే మార్చారంటారు.